పత్రఖండ సంచయమును డిజిటల్ సాధనములును

వార్తాపత్రికలనుండి పద్యములను, వ్యాసములను, చిత్రములను కత్తిరించి పుస్తకమునందు అతికించి దాఁచుకొను నాచారము తెలుఁగువారి యిండ్లలో మూఁడు నాలుగు తరములనుండి యున్నదే. హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు దక్షిణముగా నున్న మీర్‌పేట యొకప్పుడు చెఱువులును పొలములును గల గ్రామము. నేఁడు కాలనీలతో నిండిన పురభాగము. ఉద్యోగవిరతులైన యుపాధ్యాయులును, గుమాస్తాలును, జిల్లాలనుండి వలసవచ్చిన కుటుంబములును స్థిరపడిన యిట్టి వాడలలో బీరువా యడుగు అర తెఱచి చూచినచోఁ బసుపు పూసిన శుభలేఖలు, ఇన్‌లాండ్ ఉత్తరములు, సినిమా పాటల పుస్తకములు, పరీక్షాఫలితములు ప్రకటించిన పత్రికాపుటలు, నల్లని దళసరి కాగితముపై మూలలు గ్రుచ్చి నిలిపిన ఛాయాచిత్రములు కానవచ్చును. అదే యింటిలోని చరవాణియందు వేలకొలఁది చిత్రము లుండును. బీరువాలోని కాగితమునకును చరవాణిలోని చిత్రమునకును పరస్పర పరిచయము లేదు. ఈ రెంటిని సంధించు విధ మెట్టిది, దానివలన వాఙ్మయ పరిశోధకులకుఁ గలుగు లాభ మెంత, జాగ్రత్త పడవలసిన చోట్లెవ్వి యను విషయ మిచట విచారింపఁబడుచున్నది.

ముందు పదవిచారము. ఆంగ్లమున స్క్రాప్ అనఁగాఁ దునుక, మిగిలిన ముక్క. పాఠశాలలలోని పిల్లలు దీనిని స్క్రాప్ పుస్తకమనియే పిలుచుచున్నారు. ఆ వ్యవహారమును తొలఁగింపఁ బూనుట వృథాశ్రమ. శాస్త్రవ్యవహారమునకుఁ బత్రఖండ సంచయమనవచ్చును. డిజిటల్ అను మాటకు మూలము లాటిను భాషలోని డిజిటస్. దానికి వ్రేలని యర్థము. వ్రేళ్లపై లెక్కించుటనుబట్టి యది అంకెకుఁ బేరై, పిదప సమస్తమును అంకెలుగా మార్చి దాఁచు యంత్రవిద్యకుఁ బేరైనది. కావున వ్రేళ్లతోఁ గత్తిరించి యతికించు పనికి నీ పదము పుట్టుచుట్టమే.

సంచయ శబ్దములోని చి ధాతువునకు ఏఱి ప్రోగుచేయుట యర్థము. ఈ ధాతువు విషయమున పాణిని తన యష్టాధ్యాయి తృతీయాధ్యాయమున నొక సూక్ష్మభేదమును జూపియున్నాఁడు. చేతికందు దూరములో నున్న పువ్వులను చేతితోఁ గోసి ప్రోగుచేసినచోఁ బుష్పప్రచాయమని దీర్ఘముతోఁ గూడిన రూపము. కఱ్ఱతో రాల్చి ప్రోగుచేసినచోఁ బుష్పప్రచయమని హ్రస్వరూపము. అంతియ కాదు, దొంగతనముగాఁ గోసినది చేతితోఁ గోసినదైనను దీర్ఘరూపమునకు నోఁచుకొనదు. చేతికందుట, చేతితోఁ దీయుట, దొంగిలింపకుండుట యను నీ మూఁడు నియమములును నేఁటి సంచయకర్తకు సయితము పనికివచ్చునవియే. చరవాణిలోనికిఁ దనంతటఁ దాను వచ్చిపడెడి చిత్రముల రాశి ప్రచయమే కాని ప్రచాయము కాదు.

ఈ పని కేవల వినోదమని తలఁచువారికిఁ బూర్వోదాహరణములు చాలఁ గలవు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) తాళపత్ర ప్రతులను సేకరించి, కడపలో సొంతవ్యయముతోఁ బండితులను నియమించి, పెక్కు ప్రతులను పోల్పించి, పాఠభేదములతోఁ గాగితముపై శుద్ధప్రతులు వ్రాయించి సంపుటములుగాఁ గట్టించెను. నాఁటికిఁ దాళపత్రము పాతసాధనము, కాగితము క్రొత్తది. పాతదానిని క్రొత్తదానిలోనికి నెక్కించుటయే గాక పాతప్రతులను పాఱవేయకుండుట యాయన పద్ధతిలోని మేలిగుణము. అవి చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నేఁటికిని బరిశోధకుల కుపకరించుచున్నవి. తెలంగాణమున సురవరము ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను నొక్కచోఁ జేర్చినది. ఈ ప్రాంతమునఁ దెలుఁగు కవులు లేరను నాక్షేపమునకు వాదముతోఁ గాక సంచయముతోఁ బ్రత్యుత్తర మిచ్చిన గ్రంథమది. 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణముకూడఁ బ్రయోగముల నాకరములతో నెత్తి వ్రాసికొను పద్ధతిపై నడచినదే. ఎత్తి వ్రాసిన ప్రతి ముక్కయుఁ దానెచ్చటనుండి వచ్చినదో చెప్పఁగలుగుటయే యట్టి పనికిఁ బ్రాణము. దూరదేశముల సంగతి యొక్కటి చాలును: అమెరికాలో మార్క్ ట్వేను అను హాస్యరచయిత, పుటలకు ముందుగానే జిగురు పూసిన పుస్తకమునకు 1873లోఁ బేటెంటు పొందెను; తడిపి ముక్క నద్దుటయే పని. మన యిండ్లలో నీ పని మైదాజిగురుతో జరిగినది.

2020 అక్టోబరునఁ గురిసిన కుండపోత వర్షములకు మీర్‌పేటలోఁ జెఱువుల దిగువనున్న కాలనీలలో ఇండ్లలోనికి నీరు చొచ్చి దినముల తరబడి నిలిచినది. అట్టి వఱదలో మొదట మునుఁగునది బీరువా యడుగు అరయే. పాతకాగితము లుంచుటయు నచ్చటనే. నగరమునకు నిది క్రొత్తగాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వఱద యందఱు నెఱిఁగినదే. 2000 ఆగస్టు వఱదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రములోని యుర్దూ గ్రంథసంచయము నీటఁ దడిసినది. విద్వత్సంస్థలకే తప్పని యాపద గృహస్థుని బీరువాకుఁ దప్పునా?

వఱద రాని యింటను గాగితమునకు శత్రువులు కలరు. వార్తాపత్రికల కాగితము కొయ్యను యంత్రమున నూఱి చేయునది. అందు లిగ్నిన్ అను కొయ్యబంక మిగిలియుండును. అది వెలుతురును గాలియుఁ దగిలినకొలఁదిఁ బసుపువన్నెకుఁ దిరిగి, ఆమ్లమును బుట్టించి, కాగితమును బెళుసుచేయును. ఆ యామ్లము ప్రక్కపుటకు సయితము సోఁకును. వేఁడిచే నక్షరములు పుట్టించెడి రసీదులును, కొన్ని ప్రయాణపు టిక్కెట్లును కొలఁది యేండ్లలోనే తెల్లకాగితములగును. అట్టివానిని చేతికి వచ్చిన దినముననే ఛాయాగ్రహణము చేయకున్నచో లేనట్లే. డిజిటల్ ప్రతికిని మరణ మున్నది. చరవాణి పగులును, మెమరీ కార్డు చెడును, సంకేతపదము మఱపునకు వచ్చును. కాగితము సగము చినిఁగినను మిగిలిన సగము చదువవచ్చును. ఫైలు చెడినచో నొక్కొకప్పుడు సర్వమును బోవును. యూనికోడ్ వ్యాపింపక పూర్వము అను ఫాంట్ల వంటి వానితోఁ గూర్చిన తెలుఁగు ఫైళ్లు, ఆ లిపిరూపములు లేని యంత్రమునఁ దెఱచినచో నర్థము లేని రోమను అక్షరముల గుంపుగాఁ గనఁబడుట ముద్రణాలయములవారి కందఱకు ననుభవమే. ఇరువదియైదేండ్లనాఁటి యా ఫైలు చదువరాకున్నది. ఆ ఫైలునుండి యచ్చొత్తిన పొత్తము మాత్రము చదువవచ్చుచున్నది. ఒకదానికి మఱియొకటి సాక్షిగా నుండవలెననుట యిందుచేతనే.

ఇఁక విధానము. మొదటి పని కత్తెర పట్టుట కాదు. పుట యంతటిని ఛాయాగ్రహణము చేయుట. కత్తిరించిన క్షణమున ముక్కకును దాని పత్రికకును గల సంబంధము తెగిపోవును. పత్రిక పేరు, తేదీ, పుటసంఖ్య, ఏ జిల్లా సంచికయో యను వివరము తలకట్టుననే యుండును. ఆ తలకట్టే కత్తెరకు వెలుపల మిగిలి చిత్తుకాగితములలోఁ గలియును. పాత సంచయములలో నూటికిఁ దొంబది ముక్కలు పరిశోధనకుఁ బనికిరాకుండుటకు హేతు విదియే యన్నను నతిశయోక్తి కాదు. ఎల్.బి.నగరు వఱకు మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24న మొదలైనది. మఱునాఁటి పత్రికలోని ముక్క నొకరు దాఁచిరనుకొందము. వార్తలో 'నిన్న' యని మాత్ర మున్నచో, పత్రిక తేదీ తెలియనివాని కా 'నిన్న' యే దినమో యెట్లు తెలియును? సంఘటన తేదీయుఁ బ్రచురణ తేదీయు వేఱువేఱని గుర్తుంచుకొని రెంటిని వ్రాయవలెను.

ఛాయాగ్రహణమునకు బల్లపరుపు స్కానరు ఉత్తమము. అంగుళమునకు 300 బిందువుల సాంద్రత సామాన్యపు అచ్చునకుఁ జాలును. సన్నని యక్షరములకు, చేవ్రాఁతకు, ఒత్తులు క్రిక్కిఱిసిన పాత అచ్చునకు 600 మేలు. చరవాణితోనైనఁ బగటివెలుతురున, మెఱుపుదీపము లేకుండ, కాగితమునకు సమాంతరముగాఁ బట్టి తీసినచోఁ బనికివచ్చును. నల్లని యక్షరములే కదా యని నలుపు తెలుపులఁ దీయుట తప్పు. పెన్సిలు గీఁతలు, పసుపు మరకలు, సిరారంగులు రంగుచిత్రముననే తెలియును. మూలచిత్రము నొకదానిని కుదింపని రీతిలో దాఁచి, నిత్యవ్యవహారమునకుఁ జిన్నప్రతిని వాడవలెను. చిత్రములను వాట్సాప్‌లోఁ జిత్రములుగాఁ బంపినచో నది వానిని కుదించి, తీసిన తేదీ మొదలగు వివరములను దొలఁగించును. డాక్యుమెంటుగాఁ బంపినచోఁ జెడవు. ఫైలు పేరున సంవత్సరము ముందు, నెల పిమ్మట, దినము తుద నుంచినచో (2018-09-25 అనునట్లు) యంత్రము పేళ్లను వరుసపఱచినపుడు కాలక్రమము తనంతట నేర్పడును. దినము ముందు పెట్టువారికి ప్రతి నెల ఒకటవ తేదీ ముక్కలన్నియు నొక్కచోఁ జేరి చిక్కు గలుగును.

అతికించుట విషయమున నలవాట్లు మార్చుకొనక తప్పదు. సెల్లోటేపు కొన్నేండ్లకుఁ బసుపుబాఱి పైపొర యూడి జిగురుమాత్ర మక్షరములలో నింకును. వేఁడితో లామినేషను చేయించుట మఱింత చెఱుపు. అది రక్షణవలెఁ గనఁబడును గాని మరల నూడఁదీయ శక్యము గాదు. మైదాజిగురు నీటితో నూడునుగాని పురుగుల కాహారము. కావున వార్తాపత్రిక ముక్కకు నుచితమైన మార్గమిది: దాని ఛాయాప్రతిని ఆమ్లములేని మంచి కాగితముపై ముద్రించి పుస్తకమునఁ జేర్చి, మూలమును వేఱొక ఆమ్లరహితపు కవరులో నుంచి యా పుట వెనుకనే నిలుపవలెను. శుభలేఖ, ఉత్తరము మొదలగు చేవ్రాఁతలు గలవానిని మూలరూపముననే, మూలలుమాత్రము పట్టియుంచు కాగితపు త్రికోణములతో నమర్పవచ్చును. ముద్రణయంత్రములలోను భేద మున్నది. రంగునీటి సిరాతో ముద్రించినది తడిసినచోఁ గరగి పాఱును. వర్ణచూర్ణపు సిరా గాని, జిరాక్సు దుకాణములలోని లేజరు యంత్రపు పొడి గాని నీటికిఁ జాల వఱకు నిలుచును. చెఱువుల దిగువ నున్నవా రీ భేద మెఱిఁగి యుండుట మంచిది.

పండితులు శ్రద్ధవహింపవలసిన ఘట్ట మిటుపై నున్నది. ఛాయాచిత్రములోని యక్షరములను యంత్రము తానే చదివి, వెదకుటకు వీలగు పాఠముగా మార్చు విద్య యిపుడు తెలుఁగునకును గలిగినది. నేఁటి అచ్చునందది బాగుగనే చదువును. పాత అచ్చునందు ప-వ, మ-య, ద-ధ-థ, చ-ఛ మొదలగు జంటలు తాఱుమాఱగును. అరసున్నను మరకగా నెంచి విడిచిపెట్టును, కాదేని పూర్ణబిందువుగా గ్రహించును. శకటరేఫమును సాధురేఫముగా మార్చును. ఇది యల్పవిషయము గాదు. ఏఁడు అనఁగా సంవత్సరము, ఏడు అనఁగా సంఖ్య. అరుగు అనఁగా వెళ్లుట, అఱుగు అనఁగా జీర్ణమగుట. తరుగు అనఁగాఁ దగ్గుట, తఱుగు అనఁగాఁ గోయుట. 1991నుండి యూనికోడ్ క్రమమునఁ దెలుఁగునకు స్థాన మేర్పడి, అరసున్నయు శకటరేఫమును జోటు పొందినవి. దంత్య చ జ లకు 2008లోను, నకారపు పొల్లునకు 2021లోను స్థానములు గలిగినవి. యంత్రమున కీ యక్షరములు లేవనుట యిఁక సాకు గాదు. వానిని గుర్తించి సరిదిద్దువారు లేకుండుటయే లోపము. యంత్రము చదివిన పాఠమును బండితుఁడు చిత్రముతోఁ బోల్చి దిద్దినఁగాని ప్రమాణముగాఁ గొనరాదు; దిద్దనిదానిపై 'దిద్దనిది' యని స్పష్టముగా వ్రాయవలెను.

పాఠము సరియైనను వెదకుట సుకరము గాదు. యంత్ర మక్షరములను బోల్చును, పదమును గ్రహింపదు. ఇల్లు అని వెదకువానికి ఇంటికి, ఇంటిలో అను రూపములు దొరకవు. ఏఱు అని వెదకినచో ఏటిగట్టు తప్పిపోవును. నోరు, చేయి మొదలగు నౌపవిభక్తికములన్నిటికి నిదే గతి. తల్లి, తండ్రి యని వెదకినచోఁ దల్లిదండ్రులు అను సమాసమునఁ దల్లి దొరకును, గసడదవాదేశము వచ్చిన తండ్రి దొరకఁడు. పాత అచ్చున సంధివశమున రెండు మూఁడు పదము లేకమై యున్నచోట నడిమి పదము మొదటియక్షరము మాఱి యంత్రమున కందదు. ఊరిపేళ్లతోఁ జిక్కు మఱింత విచిత్రము. మీర్‌పేట యను పేరు మీర్పేట యనియు, మీరుపేట యనియు, మీర్‌పేట్ అనియు వ్రాయఁబడుచున్నది. రేఫమును పకారమును విడఁదీసి వ్రాయుటకు నడుమ కంటికిఁ గనఁబడని యొక సంకేత ముంచవలసియుండును. అది యున్న పేరును లేని పేరును జూచుటకు వేఱు, యంత్రమునకును వేఱు. చెఱువు అని పాతవారు, చెరువు అని నేఁటివారు వ్రాయుటచే మీర్‌పేట చెఱువులపై వ్రాయఁబడిన వార్తలు రెండు చోట్లఁ జెదరియుండును.

దీనికి మందు పాతదే. ప్రతి ముక్కకును నాలుగైదు ముఖ్యపదములను ప్రాతిపదికరూపమున, నిఘంటువున వెదకు రీతిని, ఏర్పఱిచి పుట యంచున చేతితో వ్రాసి, అవే పదములను ఫైలు వివరణమునఁ జేర్పవలెను. ఊరిపేళ్ల కొక స్థిరరూప మేర్పఱచుకొని తక్కిన రూపములను బ్రక్కన నుంచవలెను. వ్యాకరణము చదివినవారికి నొక్క ముక్కకు రెండు నిమిషముల పని. యంత్రజ్ఞునికిది యెంత శ్రమపడినను సులభముగాఁ గుదురదు. పాఠశాలలోఁ బై తరగతుల విద్యార్థులచే నీ పని చేయించినచో నౌపవిభక్తికములు కంఠపాఠము చేయింపవలసిన యవసరముండదు.

కాగితమునుండి ఫైలునకుఁ ద్రోవ చూపుటకుఁ గ్యూ.ఆర్. అను గడుల ముద్ర యక్కఱకు వచ్చును. ఇది జపానులోని డెన్సో సంస్థవారు 1994లోఁ గల్పించినది. నేఁడు కూరగాయల బండ్లపై సొమ్ము చెల్లించుటకు వాడు ముద్రయే గనుక దీని నెఱుఁగనివారు లేరు. అత్యధిక రక్షణతో ముద్రించినచో దాదాపు నూటికి 30 పాళ్లు చెడినను జదువఁబడును. మరకలు పడు పుస్తకమున కిది మేలు. మంగళహారతి పాట వ్రాసిన కాగితము ప్రక్కన, పాడినవారి కంఠధ్వనికిఁ ద్రోవచూపు ముద్ర నుంచవచ్చును. ఏ అచ్చుపుస్తకమును జేయఁజాలని పని యిది. కాని సామాన్యముగా ముద్రలో నుండునది ఫైలు కాదు, ఫైలు చిరునామా మాత్రమే. చిరునామా మాఱిన దినమున ముద్ర మూగదగును. కనుక దానిక్రింద ఫైలు సంఖ్యను చేతితో వ్రాయవలెను. చిన్న పాఠమైనచో నింతకన్న మంచి యుపాయము కలదు: చిరునామాకు బదులు పాఠమునే ముద్రలో నిమిడ్పవచ్చును. అతిపెద్ద ముద్రకు 2953 బైట్లు పట్టును. తెలుఁగు వర్ణసంకేత మొక్కొక్కటి మూఁడు బైట్లగుటచే వేయింటికిఁ గొంచెము తక్కువ సంకేతములు చేరును. అనఁగా నొక సీసపద్యము తేటగీతితోఁ గూడ, ఏ దూరపు యంత్రముపై నాధారపడకుండ, ఆ గడులలోనే యుండును. ఈ సౌకర్యము నింకను వాడుకొనువారు తక్కువ.

దొంగతనము మాట మిగిలినది. భారతదేశపు 1957 నాఁటి కాపీరైటు చట్టము ననుసరించి గ్రంథకర్త జీవితకాలమునకుఁ బైని 60 సంవత్సరములు హక్కు నిలుచును. స్వంత పఠనమునకుఁ, బరిశోధనకును ముక్కను దాఁచుకొనుట కాక్షేపము లేదు. దానిని లోకమునకుఁ బంచుట వేఱు సంగతి. దీనికన్నను దఱచైన దోషము చరవాణిలోఁ జేతులు మాఱుచు వచ్చు పద్యములది. కవిపేరు తొలఁగును, కాదేని ప్రసిద్ధుఁడైన వేఱొకని పేరు చేరును. వేమన కంటగట్టఁబడిన పద్యములలో నెన్ని వేమనవో తేల్చుట బ్రౌను కాలమునుండి తెగని సమస్యయై యుండఁగా, దాని కీ క్రొత్తరాశి తోడగుట విచారకరము. ఆకరము తెలియని ముక్కను సంచయమునఁ జేర్పవలసివచ్చినపుడు, పంపినవారి పేరుకాదు, అందిన తేదీని వ్రాసి 'ఆకరము తెలియదు' అని గుర్తించుట న్యాయము.

కడపట నొక పట్టిక యవసరము. వరుససంఖ్య, ముక్క శీర్షిక, పత్రిక పేరు, ప్రచురణ తేదీ, ముఖ్యపదములు, ఫైలు పేరు అను నాఱు నిలువుగడులు చాలును. దీనిని కాగితముపై ముద్రించి పుస్తకము మొదటఁ గుట్టవలెను, ఫైళ్లతోను నుంచవలెను. ఫైళ్లను మూఁడు చోట్ల నిలుపుట యుచితము: ఒకటి యింటి యంత్రమున, ఒకటి విడిగాఁ దీసి దాఁచు డిస్కున, ఒకటి వేఱొక యూరి బంధువునొద్ద. ఏఁడాదికొకమాఱు, ఉగాదికిఁ బంచాంగము కొన్న దినమున ననుకొన్నచో మఱపురాదు, డిస్కును దెఱచి ఫైళ్లు తెఱచుకొనుచున్నవో లేదో చూడవలెను. పుస్తకమును మాత్రము బీరువా యడుగు అరనుండి తీసి పై యరలో నుంచవలెను.